హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే చాదర్‌ఘాట్ ఎందుకు మునుగుతుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర, మూసీ ఒడ్డున, కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు పోయాయి. ‘‘ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వరదలు ఆపడానికే కట్టారంటారు. వాటి గేట్లు ఎత్తినందుకే మేం మునిగితే అవి ఉండి ఏం లాభం? వాన వస్తుందని తెలుసు కదా, ముందే ఎందుకు వదలరు? కట్ట తెగితే మా గతేంటి? ఇల్లు మారాలా?’’ అని అడిగారు.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం గేట్ల దగ్గర, కట్టల మీదే గడిచింది. ఈ జంట జలాశయాలు నగరానికి మంచినీళ్లిచ్చే జలమండలి చేతిలో ఉంటాయి కాబట్టి వాటి మీద ఉద్యోగం చేయలేదు. కానీ గేటు ఎక్కడైనా గేటే. వరదొచ్చిన రాత్రి కట్ట మీద నిలబడ్డవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. అవతల నీళ్లలో నిలబడ్డవాళ్ల కోపమూ తెలుసు.

‘‘గేట్లెత్తితే వరద రాలేదు, వరదొచ్చింది కాబట్టి గేట్లెత్తారు’’ అని మా ఇంజినీర్లు ఒక మాట చెప్పి చేతులు దులుపుకుంటారు. నేనూ ఉద్యోగంలో ఉండగా చాలాసార్లు అన్నాను. ఆ మాట సగం నిజం. ఆ సగం ముందు చెబుతాను, మీ కోపం న్యాయమైన మిగతా సగం తర్వాత.

1908 సెప్టెంబరు 28న మూసీలో వచ్చిన ప్రవాహం, తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టిన లెక్క ప్రకారం, 4 లక్షల 25 వేల క్యూసెక్కులు. 2025లో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండ్) ప్లాట్‌ఫారాల మీదికి నీళ్లొచ్చిన రాత్రి రెండు జలాశయాల నుంచి కలిపి వదిలింది 30 వేల క్యూసెక్కుల పైచిలుకు. అంటే మీ ఫ్రిజ్‌ను తేల్చిన వరద ఆనాటి వరదలో పదో వంతు కూడా కాదు. 1908లో నగరంలో సుమారు 15 వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ తోటలో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మీ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఒకసారి వెళ్లి, దాని కొమ్మ ఎంత ఎత్తులో ఉందో తలెత్తి చూసి రండి.

ఆ వరదలో ఇంకో అంకె ఉంది, దాన్ని జనం అంతగా పట్టించుకోరు. నగరానికి ఎగువన ఆనాడు 788 చెరువులుండేవి. వాటిలో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువులంటే మనకు గర్వం, ఉండాల్సిందే. కానీ ఆ గొలుసులో పైచెరువు తెగితే ఆ నీళ్లు కిందిచెరువు మీద పడతాయి, అది తెగితే దాని కిందది. చివరికి నది మీదికి వాన నీళ్లూ చెరువు నీళ్లూ ఒకేసారి వస్తాయి. ఆ దెబ్బ చూశాకే విశ్వేశ్వరయ్య 1909లో ఇచ్చిన నివేదికలో, నగరానికి పైన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి వరద జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. వరదను పట్టుకునేది కట్ట కాదు, కట్ట వెనకాల ఉన్న ఖాళీ. హిమాయత్‌సాగర్ నిండుగా పట్టేది దాదాపు 3 టీఎంసీలు, ఉస్మాన్‌సాగర్ దాదాపు 3.9. చెరువు అంచుదాకా నిండి ఉన్న రోజు పైనుంచి 20 వేల క్యూసెక్కులొస్తే, కిందికి 20 వేలు వదలక తప్పదు. ఆ రోజు వరదకు సంబంధించినంతవరకు డ్యాము ఉన్నా లేనట్టే.

చిన్న లెక్క చెబుతాను, దీంతో టీవీలో స్క్రోలింగ్ చూసి మీరే అంచనా వేసుకోవచ్చు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. జలాశయంలో ఒక టీఎంసీ ఖాళీ ఉందనుకోండి. వదులుతున్న దానికంటే 30 వేల క్యూసెక్కులు ఎక్కువ వస్తుంటే ఆ ఖాళీ నిండటానికి తొమ్మిది గంటలు పడుతుంది. ఆ తొమ్మిది గంటల్లో వాన తగ్గితే ఆ 30 వేలలో మీ వీధికి చుక్క రాదు. 1908 లాంటి ప్రవాహం వస్తే అదే ఖాళీ 39 నిమిషాల్లో నిండుతుంది. అంటే ఈ డ్యాములు చిన్నా చితకా వరదల్ని పూర్తిగా మింగేస్తాయి, నడిమి వరదల్ని తగ్గిస్తాయి, మహా వరద ముందు మాత్రం కాస్త ఆలస్యం చేయగలవు. ప్రపంచంలో ఏ వరద డ్యామైనా ఇంతే.

కట్టినప్పుడు వీటి పని వరద ఆపడం. తర్వాత నగరానికి మంచినీళ్లివ్వడం కూడా వీటి నెత్తినే పడింది. మంచినీళ్ల చెరువు నిండుగా ఉండాలి, వరద చెరువు ఖాళీగా ఉండాలి. ఒకే మనిషికి రెండు ఉద్యోగాలిచ్చి, ఒక ఉద్యోగంలో పగలు మేలుకోమని, ఇంకో దాంట్లో పగలు పడుకోమని చెప్పినట్టు.

మీ రెండో ప్రశ్న ఇక్కడికే వస్తుంది. ముందే ఎందుకు వదలరు?

ఆగస్టు నెలలో ఒక అధికారి హిమాయత్‌సాగర్‌ను నాలుగడుగులు దించాడనుకోండి. సెప్టెంబరులో వాన పడలేదు. మరుసటి వేసవిలో ‘నీళ్లు వృథాగా మూసీపాలు చేశారు’ అని పేపర్లో వస్తుంది, అతని మీద ఎంక్వైరీ పడుతుంది. అదే అతను నిండుగా ఉంచి, వరదొచ్చాక గేట్లెత్తాడనుకోండి. ‘ప్రకృతి వైపరీత్యం’. ఎవరూ ఏమీ అనరు. రాని వరదకు ఏ అధికారికీ శాలువా కప్పిన దాఖలా నేను చూడలేదు. రూల్ కర్వ్ అని ఒకటుంటుంది, ఏ తేదీకి జలాశయం ఏ మట్టానికి మించకూడదో చెప్పే గీత. అది కాగితం మీద ఉండటం వేరు, నింపమని నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి ఉన్నప్పుడు దానికి కట్టుబడటం వేరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈరోజు హైదరాబాద్ తాగే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరుల నుంచి వస్తోంది. ఒకప్పుడు ఈ రెండు చెరువుల మీదే బతికిన నగరానికి ఇప్పుడవి ప్రాణాధారం కావు. అలాంటప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వీటిని ఎఫ్‌టీఎల్‌కు, అంటే నిండు మట్టానికి, కొన్ని అడుగులు తక్కువే ఉంచాలి. హిమాయత్‌సాగర్ ఎఫ్‌టీఎల్ 1763.5 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1790. ఆఖరి అడుగుల్లోనే జలాశయం వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి, పైనుంచి దించే ఒక్కో అడుగుకూ దొరికే ఖాళీ ఎక్కువ. గోదావరి నీళ్లు తెచ్చి ఈ జలాశయాల్లో నింపి, మూసీలో ఏడాదంతా పారించాలన్న పథకం కూడా నడుస్తోంది. మంచిదే. కానీ ఆ నీళ్లు వానాకాలంలో నింపితే, విశ్వేశ్వరయ్య ఖాళీగా ఉంచమన్న గిన్నెను డబ్బులు పెట్టి మనమే నింపుకున్నట్టు. ఎండాకాలం నింపండి, ఎవరొద్దన్నారు?

ఇప్పుడు మీ కోపంలో న్యాయమైన భాగానికి వస్తాను. డ్యాము తెచ్చిపెట్టే ప్రమాదం కూడా ఉంటుంది. అది రెండు రకాలు.

మొదటిది వేగం. అడ్డుకట్ట లేని నది మెల్లగా రంగు మారుతుంది, చెత్త తెస్తుంది, మెట్టు మెట్టుగా లేస్తుంది. ఒడ్డునున్న ముసలాయన చూసి ‘ఇవాళ నీళ్ల వాలకం బాగాలేదు’ అంటాడు. గేట్ల కింద నది అలా కాదు. సాయంత్రం దాకా నాలాలా ఉంటుంది, రాత్రికి నదవుతుంది. వచ్చిన దానికంటే ఎక్కువ వదిలారా లేదా అన్నది ఒక్కటే చూస్తే ఇంజినీరు తప్పు చేయకపోవచ్చు. ఎంత సేపట్లో పెంచారు, పెంచే ముందు ఎవరికి చెప్పారు అన్నది కూడా చూడాలి. నా లెక్కలో గేట్ల నిర్వహణకు అసలు పరీక్ష అదే.

రెండోది మరపు. హిమాయత్‌సాగర్ గేట్లు 2010 తర్వాత మళ్లీ లేచింది 2020 అక్టోబరులో. పదేళ్లు. ఆ పదేళ్లలో కింద ఎన్ని గదులు లేచాయో, ఎన్ని షెడ్లు, ఎన్ని ఫంక్షన్ హాళ్లు లేచాయో మీకే తెలుసు. చిన్న వరదలన్నీ డ్యాము మింగేసింది కాబట్టి ‘ఇక్కడికి నీళ్లు రావు’ అని జనం నమ్మారు. అమ్మినవాడు అదే చెప్పాడు. మంజూరు చేసినవాడు సంతకం పెట్టాడు. అంటే డ్యాము ఎంత బాగా పనిచేస్తే నదిలోకి అంతమంది దిగుతారు. తర్వాత 15 వేల క్యూసెక్కులకే గోల మొదలవుతుంది. అప్పుడు ఆపరేటరు ముందుగా పెద్దగా వదలడానికి భయపడతాడు, ఎందుకంటే వదిలితే ఇళ్లు మునుగుతాయి. వదలక ఆపి, ఆఖరికి తప్పక ఒకేసారి వదులుతాడు. ఈ చక్రం ఎక్కడిదక్కడ తిరుగుతూనే ఉంది.

నా అనుభవంలోంచి ఒక రాత్రి చెబుతాను. ప్రాజెక్టు పేరు వద్దు. కొండవాగు మీద మధ్యతరహా జలాశయం, నేనప్పుడు డీఈని, అంటే డిప్యూటీ ఇంజినీరుని. పైన కొండల్లో కుండపోత, మా దగ్గర నక్షత్రాలు కనిపిస్తున్నాయి. రాత్రి పదిన్నరకు గేట్లు చూసుకునే లస్కర్ వచ్చి ‘సార్, గేజి దగ్గర గంటలో అడుగున్నర లేచింది’ అన్నాడు. గేట్లెత్తాలి. కరెంటు లేదు. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. అంటే, రిజిస్టర్‌లో ఉంది, ట్యాంకులో లేదు. నలుగురు మనుషులు వంతులేసుకుని హ్యాండిల్ తిప్పితే మొదటి గేటు అడుగు లేవడానికి ముప్పావు గంట పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి.

ఈలోగా సైరన్ వేయించాను. సైరన్ భేషుగ్గా మోగింది. కింద మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో జనం అది విని ‘రైసు మిల్లులో షిఫ్టు మారింది’ అనుకుని అటు తిరిగి పడుకున్నారు. ఆ సైరన్ ఎందుకు మోగుతుందో వాళ్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, నాతో సహా. చివరికి నేనే జీపేసుకుని వెళ్లాను. వాగు మధ్య ఇసుక దిబ్బ మీద గొర్రెల మంద, పక్కన ఇద్దరు కాపరులు నిద్రపోతున్నారు. లేపి పదండి అంటే, అందులో పెద్దాయన ఆకాశం చూసి ‘వాన ఏది సారూ, నీళ్లు ఎందుకొస్తాయి?’ అన్నాడు. ఆయన చూసి నమ్మే గుర్తు మబ్బు. నేను నమ్మేది కొండల అవతల ఉన్న వానమాపకం. రెంటికీ మధ్య మాట లేదు. గొర్రెల్ని తోలుకుని గట్టెక్కేసరికి పాదాలు మునిగే నీళ్లొచ్చాయి. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో నేనిప్పటికీ ఆలోచించడం మానలేదు. మర్నాటి నుంచి ప్రతి సోమవారం పొద్దున పది గంటలకు సైరన్ మోగించి, ఊరి కావలికారుతో ‘ఇది గేట్ల సైరన్’ అని చాటింపు వేయించాం. ఖర్చు ఏమీ లేదు.

ఇక కట్ట తెగే సంగతి. మీకు నిద్రపట్టనిది దీని గురించే అని అర్థమైంది. కట్టల్లో రెండు రకాలు. రాతికట్టడం, కాంక్రీటు మీదుగా కాస్త నీళ్లు పొర్లినా తట్టుకుంటాయి. మట్టికట్ట తట్టుకోదు. దాని మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే గంటల్లో కోసుకుపోతుంది. అందుకే మట్టికట్ట ఉన్న చోట గేట్లు లేవకపోవడం ఒక్కటే చాలు, ప్రమాదం నడిచొస్తుంది.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు అలాగే పోయింది. ఎగువన ఉన్న పింఛా కట్ట ముందు తెగింది. ఆ నీళ్లు కిందికొచ్చాయి. అన్నమయ్యకు ఐదు గేట్లు, అందులో ఒకటి పనిచేయలేదు. స్పిల్‌వే (గేట్లుండి వరద బయటికి పోయే భాగం) మోయగలిగిన దానికి మించి వచ్చిన వరద మట్టికట్టను మొత్తం ఊడ్చుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద తెల్లవారేసరికి పడింది. కార్తీక పౌర్ణమి రోజు. ముప్పై మందికి పైగా పోయారు, పొలాల మీద మనిషెత్తు ఇసుక మేటలు వేసింది. 1908లో చెరువులకు జరిగిందే ఇది. పైది తెగి కిందదాన్ని తెంపింది. పై కట్ట తెగిన క్షణం నుంచి కింది ఊళ్లకు దొరికే టైమే ఆ ఊళ్ల ఆయుష్షు. ఆ టైమును వాడుకునే ఏర్పాటు లేకపోవడం నన్ను వరదకంటే ఎక్కువ బాధపెడుతుంది.

నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు చూడండి. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది, గేట్ల నుంచి వెళ్లగలిగింది 3 లక్షలు. పద్దెనిమిది గేట్లలో ఒకటి లేవలేదు. ఆ ప్రాజెక్టు 1958లో ఒకసారి కొట్టుకుపోయిన చరిత్ర ఉన్నదే. ఈసారి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఒక పక్క గండిపడి నీళ్లు దారి చేసుకోవడంతో డ్యాము నిలిచింది. అదృష్టం అన్నవాళ్లున్నారు. నేనైతే ఖాళీ చేయించిన తహసీల్దార్లకూ రెవెన్యూ సిబ్బందికీ దండం పెడతాను. డ్యాము ఆ రాత్రి పోయి ఉన్నా మనుషులు దక్కేవాళ్లు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. వరదేమీ లేదు, జలాశయం నిండుగా ఉందంతే. ఏడు దశాబ్దాల గొలుసు. ఆ ఒక్క ఖానాలోంచే 35 వేల క్యూసెక్కుల దాకా పోయాయని వార్తలు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు బదులు అడ్డంగా దించే ఉక్కు పలకలు) దించారు. మా వృత్తిలో అది పాఠం చెప్పుకోవాల్సిన పని. ఆ 35 వేలను చూసి మీకు 2025 గుర్తు రావాలి. తుంగభద్ర పారే దారిలో అది చిన్న వరద, మూసీలో అంత నీళ్లకు బస్టాండ్ మునుగుతుంది. నదులు వేరు, ఇరుకు వేరు.

జంట జలాశయాల విషయంలో నేను కట్ట తెగుతుందేమోనని భయపడను, కింద దారి లేకుండా పోయిందని భయపడతాను. నార్సింగి, మంచిరేవుల దగ్గర ఉస్మాన్‌సాగర్ నీళ్లొస్తే సర్వీసు రోడ్డు మూసేస్తారు. హిమాయత్‌సాగర్ కింద ఔటర్ సర్వీసు రోడ్డూ అంతే. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. అక్కడి నుంచి అత్తాపూర్, పురానాపూల్, మీ చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దాకా నది రెండు గోడల మధ్య, ఇళ్ల మధ్య ఇరుక్కుని పోతుంది. ఎంజీబీఎస్ నదీగర్భంలోనే ఉంది. ఇంకో సంగతి మర్చిపోకండి. మీ దగ్గరికి వచ్చే నీళ్లన్నీ గేట్లవే కావు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. 1908లో శంషాబాద్‌లో ఒక్కరోజులో పడిందీ సుమారు అంతే, 12.8 అంగుళాలు. తేడా ఏమిటంటే ఘట్‌కేసర్ జంట జలాశయాలకు దిగువన, శంషాబాద్ హిమాయత్‌సాగర్‌కు ఎగువన. 2020లో పాతబస్తీలో కాలనీలను ముంచినవాటిలో పల్లె చెరువు, గుర్రం చెరువు లాంటి నగరం చెరువుల నీళ్లే ఎక్కువ. అంత వాన జంట జలాశయాలకు పైన పడిన రోజు ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం, ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. పెద్ద డ్యాముల యజమానులు ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ తయారు చేయాలి, అంటే ఎంత నీళ్లొదిలితే ఎక్కడిదాకా మునుగుతుంది, కట్టకు ప్రమాదమైతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ రాసిన ప్రణాళిక. పాత డ్యాములకు ఐదేళ్ల గడువిచ్చారు, అది 2026 డిసెంబరుతో తీరుతుంది. సమాచార హక్కు కింద జలమండలిని ఆ ప్లాన్, దాని ముంపు పటం అడగండి. మీ ఒక్కరి పేరుతో కాకుండా కాలనీ వాళ్లంతా కలిసి పెట్టండి. పటంలో మీ వీధి ఉందో లేదో చూడండి. ఉంటే, ఫోన్ల జాబితాలో మీ కాలనీ నుంచి ఎవరి నంబరు ఉందో చూడండి. ఎక్కువసార్లు ఆ జాబితాలో బదిలీ అయిపోయిన అధికారుల నంబర్లే ఉంటాయి.

మూసీ ఒడ్డుకు నేను ఒక్కటే వరం కోరుకోమంటే భద్రాచలం వాళ్ల అంకెలు కోరుకుంటాను. అక్కడ గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, 2022 జులైలో 71.3 చూసిన ఊరు. అక్కడ టీకొట్టు దగ్గర కూర్చుంటే ‘నలభై ఐదట, సాయంత్రానికి నలభై ఎనిమిదట’ అన్న మాటలే వినిపిస్తాయి. ఏ అంకెకు ఏ రోడ్డు తెగుతుందో, ఏ కాలనీ సర్దుకోవాలో పెద్దగా చదువుకోనివాళ్లు కూడా చెబుతారు. వార్తలో అంకె వినగానే కాళ్లు వాటంతటవే కదులుతాయి. మరి మనకు? ‘హిమాయత్‌సాగర్ నాలుగు గేట్లు మూడడుగుల మేర ఎత్తివేత’ అని వస్తుంది. ఆ వాక్యంతో చాదర్‌ఘాట్‌లో ఉన్న గృహిణి ఏం చేయాలి? గేట్ల సంఖ్య చూసి కంగారుపడొద్దు, నిశ్చింతగానూ ఉండొద్దు. ఆరు గేట్లు అరడుగు ఎత్తినదానికంటే రెండు గేట్లు నాలుగడుగులు ఎత్తినప్పుడు నీళ్లెక్కువ రావచ్చు. రెండు జలాశయాల ఔట్‌ఫ్లో, అంటే బయటికి వదులుతున్న నీళ్లు, క్యూసెక్కుల్లో కూడి చూడండి. అదే మీ అంకె.

ఆ అంకెను మీ వీధికి మీరే తయారు చేసుకోవచ్చు. ఈసారి గేట్లెత్తినప్పుడు వంతెన దగ్గరున్న ఏదైనా స్తంభానికో గోడకో పెయింటుతో గీతలు గీయండి. గంట గంటకూ ఫోనులో ఫోటో తీయండి, పక్కన ఆ గంట ఔట్‌ఫ్లో రాయండి. గేట్ల దగ్గర పెంచిన నీళ్లు మీ దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, పెంచిన టైము, మీ దగ్గర లేచిన టైము రెండూ రాయండి. రెండు మూడు వరదలకు మీ దగ్గర ఒక పట్టిక తయారవుతుంది: ఇన్ని వేలకు వీధి చివర మెట్టు తడుస్తుంది, ఇన్ని వేలకు మా గడప, మధ్యలో ఇన్ని గంటలు.

ఇల్లు మారాలా అని అడిగారు. అద్దెకే కదా ఉంటున్నారు, మారండి. సొంతిల్లయితే నాకింత తేలిగ్గా నోరొచ్చేది కాదు. పిల్లల బడి, పని దగ్గరగా ఉందని అక్కడే ఉండాల్సొస్తే అదే సందులో పై అంతస్తుకు మారండి, వెయ్యి రెండు వేలు ఎక్కువైనా సరే. కొత్త ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ను అడగొద్దు. ఎదురింట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నావిడని అడగండి, లేదా ఇస్త్రీ బండి అతన్ని. 2020లో నీళ్లెక్కడిదాకా వచ్చాయో వాళ్లు చేత్తో చూపిస్తారు. కొత్తగా రంగేసిన గోడకు కింద మూడడుగులు మాత్రం ఉబ్బి, పెచ్చులూడుతుంటే అదే జవాబు.

మారేదాకా కింద ఉండాల్సొస్తే రెండు విషయాలు. రాత్రి పదికి ఔట్‌ఫ్లో పెరుగుతోందని తెలిస్తే ‘పొద్దున చూద్దాం’ అనుకోకండి. చీకట్లో, కరెంటు పోయాక, ముసలివాళ్లను భుజాన వేసుకుని నీళ్లలో నడవడం ఏమిటో మీరు ఒకసారి చూశారు. పెద్దవాళ్లను, పిల్లల్ని పగలే చుట్టాలింటికి పంపేయండి. వరద రాకపోతే ఒక పూట చుట్టపుచూపు అనుకుంటారు. బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసి పైకెత్తి కట్టండి, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి మనిషితోపాటే తీసుకెళ్లండి. రెండోది, బండి కోసం వెనక్కి వెళ్లకండి. నీళ్లు మోకాలు దాటి పారుతుంటే మనిషి కాలు నిలవదు, రెండడుగులు పారుతుంటే కారు తేలుతుంది. మూసారాంబాగ్ కాజ్‌వే మీద బారికేడ్ పెట్టాక కూడా స్కూటర్ దూర్చేవాళ్లను చూశాను. వాళ్లను ఆపే కానిస్టేబుల్‌తో వాదించకండి.

మీరు చివర్లో, మీ అత్తగారు ‘గంగమ్మ తల్లి వచ్చి వెళ్లింది, ఇంక రాదులే’ అంటున్నారని రాశారు. ఆవిడకు ఒక మాట చెప్పండి. 2020 అక్టోబరులో గేట్లు లేచాక ఉస్మాన్‌సాగర్ గేట్లు 2021 జులైలోనే లేచాయి, 2022లో మూసారాంబాగ్ వంతెన మూశారు, 2025లో మీ ఇంట్లోకే వచ్చింది. ఈ వానాకాలం మొదలయ్యేలోపు ఆవిడ మంచాన్ని, మందుల డబ్బాను పై పోర్షన్‌లో పెట్టుకోవడానికి పైవాళ్లను ఇప్పుడే అడిగి ఉంచండి.